కెమెరా బావ నవ్వు

అత్తవారింట్లో అతని అసలు పేరు ఎప్పుడో అరిగిపోయింది. పెళ్ళైన కొత్తలో మరదలు సరదాకి "కెమెరా బావ" అని పిలిచింది. ఆ పిలుపును పక్కింటివాళ్ళు అందుకున్నారు. చివరికి అత్తగారు కూడా చుట్టాల దగ్గర "మా కెమెరా అల్లుడుగారు" అనడం మొదలుపెట్టింది. అతనికి అదొక బిరుదు. కొందరికి జీతం పెరిగితే ఛాతీ పొంగుతుంది, ఇతనికి ఆ మాట వింటే పొంగేది.

పని చేసేది కళ్ళజోళ్ళ షాపులో. ముందు గదిలో అద్దాల బీరువాలు, మెరిసే ఫ్రేములు, కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాలు చదివించే డాక్టరమ్మ ఉంటారు. వెనక గదిలో ఇతను. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అంచులు అరగదీసి, నీళ్ళ కింద చల్లార్చి, ఫ్రేములో బిగించి, దీపానికి ఎదురుగా పట్టి చూడడం అతని ఉద్యోగం. జనం ముందు గదిలో కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోతారు. ఆ జోడు చేసినవాడి ముఖం ఎలా ఉంటుందో వాళ్ళకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

అత్తవారింటి వీడియోల్లోనూ అంతే. షాపు యజమాని కొడుకు కొన్నాళ్ళు వాడి పక్కన పడేసిన టేపు కెమెరా ఒకటి అతని చేతికి వచ్చింది. ఇటుకంత బరువు. దాంతో ఆ ఇంట్లో జరిగిన ప్రతి పుట్టినరోజూ, ప్రతి ప్రయాణమూ తీశాడు. అన్నిట్లోనూ అందరూ ఉంటారు, అతను తప్ప. తీసేవాడు కనిపించడు కదా. ఆ సంగతి అతన్ని ఎప్పుడూ బాధపెట్టలేదు. ఎందుకంటే కేకు ముందు అందరూ చేరాక అత్తగారు "ఆగండాగండి, కెమెరా అల్లుడుగారు ఇంకా రాలేదు" అనేది. కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయేది. ఆ ఆగడం కోసమే అతను బతికేవాడు అంటే అతిశయోక్తి కాదు.

అతని కెమెరాకు ముందు వైపు చిన్న ఎర్ర లైటు ఉండేది. రికార్డింగు మొదలైతే అది వెలుగుతుంది. అది వెలిగాక ఎవరూ కెమెరా వైపు చూడకూడదు, "తీస్తున్నావా?" అని అడగకూడదు, నోట్లో ఏదైనా ఉంటే మింగేయాలి అని అతని శాసనం. కొన్నాళ్ళకి ఆ ఇంట్లో అదొక ఆటైపోయింది. ముందుగా చూసినవాళ్ళు "ఎర్ర లైటు!" అని అరిచేవాళ్ళు. అత్తగారు జుట్టు సర్దుకునేది, మరదలు నమలడం ఆపేది, మామగారు నిటారుగా కూర్చునేవాడు. మామగారు రైలు గార్డు. "మాకు ఎర్ర లైటంటే బండి ఆగాలి. మీకు ఎర్ర లైటంటే బండి కదలాలి. మీదంతా తిరకాసు యవ్వారం అల్లుడుగారూ!" అని నవ్వేవాడు.

అంతా బాగానే ఉంది. మరదలికి పెళ్ళయింది.

తోడల్లుడు మందుల కంపెనీ ప్రతినిధి. నలగని చొక్కా, నలగని మాట. డాక్టర్ల గుమ్మాల ముందు గంటల తరబడి నిలబడి కూడా ముఖం మాడ్చుకోని మనిషికి అత్తగారి మనసు గెలవడం ఒక లెక్కా? "అన్నయ్యగారూ, అన్నయ్యగారూ" అని ఇతని వెనకాలే తిరిగేవాడు. తప్పు పట్టడానికి వెతికినా దొరకనివాడి మీద కోపం పెట్టుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఒకరోజు ఆ తోడల్లుడు గుప్పిట్లో పట్టే కెమెరా కొనుక్కొచ్చాడు. హై డెఫినిషన్. టేపు లేదు, గోరంత కార్డు. అత్తగారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కాసేపు తీసి, టీవీకి తగిలించి చూపించాడు.

"అమ్మో! నా చెవి కమ్మలో రాయి కూడా తెలుస్తోందే!" అంది అత్తగారు.

"అమ్మా, నీ కనురెప్పలు లెక్కపెట్టొచ్చు," అంది మరదలు. ఆ ఊపులోనే ఇతని వైపు తిరిగి, "బావా, నువ్వు తీసినవాటిలో మా అందరికీ జలుబు చేసినట్టు ఉంటుంది కదూ?" అనేసింది.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. ఈర్ష్య అనే మాట పుస్తకాల్లో పెద్దమనిషిలా ఉంటుంది. ఇళ్ళల్లో దాన్ని కుళ్ళు అంటారు. కెమెరా బావకు ఆ రోజు పట్టుకున్నది కుళ్ళే. తిన్నది అరగలేదు. అద్దం అరగదీస్తుంటే అంచు పెట్లిపోయింది. తర్వాత ఎప్పుడో ఒక చుట్టం ఫోన్లో "ఏ కెమెరా అల్లుడు, పాతాయనా కొత్తాయనా?" అని అడగడం, అత్తగారు "కొత్తాయనే" అని మామూలుగా జవాబు చెప్పడం అతని చెవిన పడింది. అంతే, పుండు మీద కారం చల్లినట్టయింది.

ఇలా ఉండగా మామగారి రిటైర్మెంటు వచ్చింది. చివరి రోజు కూడా డ్యూటీ చేసి, సాయంత్రం బండిని సొంత స్టేషనుకు తెచ్చి దిగుతాడు. ఆ దిగడాన్ని వీడియో తీయాలని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఎవరు తీయాలన్న ప్రశ్నే రాలేదు. ప్రశ్న రాకపోవడమే కెమెరా బావ గుండెల్లో గుచ్చుకుంది.

"తీయడం వరకే నాది. ఎడిటింగు మాత్రం మీరే చెయ్యాలి అన్నయ్యగారూ," అన్నాడు తోడల్లుడు. "కంప్యూటరు ముందు కూర్చునే ఓపిక నాకెక్కడిది? మీ పనితనం నాకెక్కడిది?"

'అంటే వంట నీది, అంట్లు నావి' అనుకున్నాడు కెమెరా బావ. పైకి మాత్రం "దానికేముంది, అలాగే" అన్నాడు.

ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య అడిగింది. "ఏమండీ, మన కెమెరా కూడా తెండి. రెండుంటే మంచిదే కదా?"

"ఎందుకు? అందరికీ జలుబు చేయించడానికా?"

"చెల్లి ఏదో సరదాకి అంటే ఇంకా మనసులో పెట్టుకున్నారా?"

"నేనేం పెట్టుకోలేదు. నా మనసు ఖాళీగానే ఉంది," అన్నాడు. కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేశాడు. అంత ఖాళీ మనసుకు అంత గట్టిగా తాళం తిప్పడం దేనికో ఆవిడకు అర్థం కాలేదు.

ప్లాట్‌ఫారం మీద బెంచీ దగ్గర అందరూ చేరారు. అత్తగారు కొత్త బట్టల్లో, చేతిలో పూల గుత్తితో కూర్చుంది. తోడల్లుడు అటూ ఇటూ నాలుగు బొమ్మలు తీసి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ కెమెరాను బెంచీ మీద, అత్తగారి సంచీ పైన పెట్టాడు. కెమెరా బావ వాళ్ళకు కొంచెం ఎడంగా, ఎదురు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కుళ్ళు పట్టినవాడు గుంపులో నిలబడలేడు, గుంపును వదిలి పోనూ లేడు.

దూరంగా బండి కూత వినిపించింది. "వస్తోంది, వస్తోంది!" అంటూ మరదలు లేచింది. అందరూ పట్టాల వైపు తిరిగారు. అప్పుడు కెమెరా బావ కళ్ళు సంచీ పైనున్న కెమెరా మీద పడ్డాయి.

ఎర్ర లైటు వెలుగుతోంది.

ఆవగింజంత వెలుగు. అక్కడున్న ఇంకెవరి కంటికీ ఆనేది కాదు. అతనికి మాత్రం కళ్ళలో కొట్టినట్టు కనిపించింది, విషయమంతా క్షణంలో అర్థమైంది. తోడల్లుడు ఇందాక ఆపాననుకున్నప్పుడు ఆపలేదు. ఇప్పుడు మొదలుపెడుతున్నానని నొక్కితే ఆగిపోతుంది. అంతా అయ్యాక ఆపుదామని నొక్కితే మొదలవుతుంది. టేపు కెమెరా కొత్తలో తనూ ఇదే తప్పు చేశాడు. ఒక సాయంత్రమంతా తన సొంత చెప్పుల్నే వీడియో తీశాడు.

చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. "తమ్ముడూ, లైటు చూసుకో" అంటే చాలు, పని అయిపోయేది.

సరిగ్గా అప్పుడే అత్తగారు తోడల్లుడితో అంది, "మీరుండబట్టి సరిపోయింది బాబూ! లేకపోతే ఈ రోజు ఇదంతా ఎవరు తీసేవాళ్ళు?"

కెమెరా బావ నోరు మూసుకున్నాడు. ఎత్తిన చెయ్యిని జేబులో పెట్టుకున్నాడు.

తోడల్లుడు పరిగెత్తుకొచ్చి కెమెరా అందుకుని, బటన్ నొక్కి, కంటికి ఆనించాడు. బండి వచ్చి ఆగింది. చివరి పెట్టెలోంచి మామగారు పచ్చ జెండా చుట్టి చంకలో పెట్టుకుని, మెట్టు మీద ఒక క్షణం ఆగి, టోపీ తీసి, ఆ పెట్టె తలుపును అరచేత్తో రెండుసార్లు తట్టి దిగాడు, ఎన్నేళ్ళో కలిసి పని చేసిన ఎద్దును తట్టినట్టు. అత్తగారు ఏడ్చింది. డ్రైవరు ఇంజను దగ్గర్నుంచి నడిచి వచ్చి కావలించుకున్నాడు. అంతసేపూ తోడల్లుడు కెమెరా పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఎర్ర లైటు ఆరిపోయే ఉంది. కెమెరా బావ అంతసేపూ చూసింది మామగారిని కాదు, ఆ ఆరిన లైటును.

ఇంటికి వస్తూ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. 'కొత్త కెమెరాలకు లైటు తీరు వేరేమో. నాకేం తెలుసు? అన్నీ తెలిసినవాడు అతను కదా!'

మర్నాడు తోడల్లుడు ఊళ్ళు తిరిగే పని మీద వెళ్తూ కార్డు ఇచ్చిపోయాడు. "నేను చూడనేలేదు అన్నయ్యగారూ. మీ చేతుల్లో పెట్టేశాను. ఆదివారం అందరం మామయ్యగారింట్లో కూర్చుని చూద్దాం."

కెమెరా బావ కంప్యూటరు పడకగది మూలలో, బట్టల బీరువాకూ కిటికీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. టేపు కాలం నాటిది. కార్డులోని బొమ్మల్ని అందులోకి ఎక్కించి ఆడిస్తే దానికి ఆయాసం వచ్చింది. అత్తగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, మాట మాత్రం ముందుకు వెళ్ళిపోతుంది. కాసేపటికి బొమ్మ ఒక్క గంతు వేసి మాటను అందుకోబోయి మళ్ళీ కూలబడుతుంది. అంత సన్నటి వివరాలున్న బొమ్మను మోసే శక్తి దానికి లేదు.

దీనికో ఉపాయం ఉంది. పెద్ద బొమ్మలన్నిటికీ ప్రోగ్రాం చిన్న చిన్న నకళ్ళు తయారుచేస్తుంది. వాటిని ప్రాక్సీలు అంటారు. క్లాసుకు రానివాడి బదులు పక్కవాడు "ప్రెజెంట్ సార్" అన్నట్టు, అసలు బొమ్మ బదులు ఆ నకలు తెర మీద ఆడుతుంది. మసకగా ఉన్నా ఆగకుండా నడుస్తుంది. కత్తిరింపులూ అతికింపులూ నకళ్ళ మీద చేసుకుని, అంతా అయ్యాక చివర్లో ఒక మాట చెబితే ప్రోగ్రాం నకళ్ళను తీసేసి అసళ్ళను పెట్టి మొత్తం సినిమాను వండి ఇస్తుంది. కెమెరా బావ షాపుకు వెళ్తూ నకళ్ళ పని పెట్టి వెళ్ళాడు, వచ్చి కూర్చుని చూశాడు.

మొదట కొంచెం కార్లు, కొంచెం టిక్కెట్ల కిటికీ. తర్వాత ప్లాట్‌ఫారం గచ్చు. గచ్చు మీద తోడల్లుడి బూట్లు. తర్వాత బెంచీ మీంచి తీసిన కుటుంబం. తర్వాత మళ్ళీ బూట్లు. తలకిందులుగా పూల గుత్తి. ఎవరిదో మోకాలు. మెట్లు. కారు తలుపు. మామగారి బండి లేదు. జెండా లేదు. టోపీ తీయడం లేదు. తలుపు తట్టడం లేదు.

కుర్చీలో వెనక్కి వాలాడు. లోపల ఏదో చల్లగా పాకింది. బాధ కాదది. ఎండలో నడిచొచ్చి మజ్జిగ తాగినంత హాయి.

"ఎలా వచ్చిందండీ?" అని భార్య వంటింట్లోంచి కేకేసింది.

"అద్భుతంగా వచ్చింది!"

మర్యాదస్థుడైతే ఏం చేస్తాడు? తోడల్లుడికి ఫోన్ చేసి, "తమ్ముడూ, ఇలా అయింది, పెద్దాయనకు ఎలా చెబుదాం?" అంటాడు. కెమెరా బావ ఫోన్ వైపు చూడనైనా చూడలేదు. ఎడిటింగుకు కూర్చున్నాడు. నల్ల తెర మీద బంగారు అక్షరాలతో "మామగారి చివరి బండి" అని వేశాడు. దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో "హై డెఫినిషన్ చిత్రీకరణ: మా ప్రియమైన చిన్నల్లుడుగారు" అని వేశాడు. తర్వాత బూట్లను వరుసగా పేర్చాడు. వాటి వెనక వీడ్కోలు సభల్లో వేసే బరువైన సంగీతం పెట్టాడు. బూటు గచ్చు మీద ఆనేచోట తాళం పడేలా కత్తిరించాడు. నిజం చెప్పుకోవాలి, అంత బాగా అతను ఎప్పుడూ ఎడిటింగు చేయలేదు. ప్రేమ ఒక్కటే కాదు, కుళ్ళు కూడా మనిషి చేత పని బాగా చేయిస్తుంది.

బెంచీ మీంచి తీసిన ముక్క దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. అందులో అత్తగారి మాట స్పష్టంగా ఉంది. "మీరుండబట్టి సరిపోయింది బాబూ!" ఆ మాట అవగానే తోడల్లుడి చెయ్యి తెరంతా కమ్ముతుంది, బొమ్మ తెగుతుంది, ఆ వెంటనే బూట్లు వస్తాయి. అంతకన్నా గొప్ప చెంపదెబ్బ రాసిపెట్టినా దొరకదు. కాకపోతే వెనక స్తంభం దగ్గర తనూ ఉన్నాడు. ముక్కును తెరకు ఆనించినంత దగ్గరగా చూశాడు. నకలులో అతనొక నీలం మచ్చ. చొక్కా రంగు తెలుస్తోంది తప్ప కన్నూ ముక్కూ లేవు. చెయ్యి ఎత్తాడో దించాడో కూడా తేలడం లేదు.

'ఈ మచ్చను ఎవరు పట్టించుకుంటారు?' అనుకున్నాడు. ఇంకో సంగతి కూడా ఉంది, అది తనతో తనే అనుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఆ ఇంటి వీడియోల్లో అతను కనిపించడం అదే మొదటిసారి. మచ్చగానైనా సరే, తీసేయబుద్ధి కాలేదు. ముక్కను అలాగే ఉంచాడు.

అసళ్ళు పెట్టి వండమని ప్రోగ్రాంకు చెప్పి షాపుకు పోయాడు. సినిమా తయారైంది. ఆడించి చూద్దామంటే కంప్యూటరుకు మళ్ళీ ఆయాసం. చూడకుండానే పెన్ డ్రైవులోకి ఎక్కించి జేబులో వేసుకున్నాడు. అద్దం బిగించాక దీపానికి ఎదురుగా పట్టి చూడకుండా ఏనాడూ ముందు గదికి పంపని మనిషి, ఆ రోజు చూడకుండా పంపాడు.

ఆదివారం మామగారి ముందు గదిలో గోడకు కొత్త టీవీ ఉంది. గోడలో సగం అదే. రిటైర్మెంటుకు చిన్నల్లుడి కానుక. పెద్దల్లుడి కానుక మామగారి ముక్కు మీద ఉంది, దూరానికీ దగ్గరకూ పనికొచ్చే కళ్ళజోడు, స్వయంగా అరగదీసి చేసింది. టీవీ వైపు చూసినవాళ్ళందరూ "అబ్బో" అన్నారు. కళ్ళజోడును చూసి ఎవరు అబ్బో అంటారు?

బంగారు అక్షరాలు పడ్డాయి. తన ప్రస్తావన అంత పెద్ద అక్షరాల్లో చూసి తోడల్లుడు సిగ్గుపడి, "ఇదంతా ఎందుకు అన్నయ్యగారూ!" అని చెయ్యి పట్టుకున్నాడు. బెంచీ వచ్చింది. "మీరుండబట్టి సరిపోయింది బాబూ" అంది టీవీలో అత్తగారు. చెయ్యి కమ్మింది. బూట్లు వచ్చాయి. బరువైన సంగీతం. ఇంకా బూట్లు.

మొదట మరదలు కిసుక్కుమంది. తర్వాత ఎవరూ నవ్వలేదు. తోడల్లుడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అయ్యో... నేను తిరగేసి నొక్కానా? మొత్తం తిరగేసి నొక్కానా?" అని లేచి నిలబడ్డాడు. "మామయ్యగారూ..."

"నేను దిగడం లేదా బాబూ ఇందులో?" అని అడిగాడు మామగారు.

"లేదు మామయ్యగారూ." ఆ నలగని గొంతు మొదటిసారి నలిగింది.

ఈ క్షణం కోసమే కదా కెమెరా బావ అన్నాళ్ళు కాచుకున్నది. వచ్చింది. కానీ నోట్లో వేసుకుంటే అనుకున్నంత తీపిగా లేదు, ముసలాయన ఖాళీ తెర వైపు ఇంకా చూస్తూనే ఉన్నాడు మరి.

చిన్నల్లుడి అవస్థ చూడలేక అత్తగారే మాట మార్చింది. "పోనిద్దురూ! కళ్ళతో చూశాం, చాలదూ? అది సరే గానీ, ఇందాక స్తంభం దగ్గర మన పెద్దల్లుడుగారు ఉన్నారు, చూశారా ఎవరైనా? ఎప్పుడూ కనిపించరు పాపం. మళ్ళీ వెయ్యండి, చూద్దాం."

"ఎందుకు లెండి అత్తయ్యగారూ..." అని అతను లేచేలోపే మరదలు రిమోట్ నొక్కింది.

ఈసారి అందరూ స్తంభం వైపే చూశారు. అక్కడున్నది నీలం మచ్చ కాదు. మనిషి. గోడంత టీవీలో, చొక్కా గుండీకి వేసిన దారం సహా కనిపిస్తున్న మనిషి. బండి కూసింది. అందరి తలలూ పట్టాల వైపు తిరిగాయి. అతని తల ఒక్కటే ఇటు తిరిగింది. కళ్ళు నేరుగా కెమెరాలోకి చూశాయి.

"ఎర్ర లైటు!" అని అలవాటు కొద్దీ అరిచింది మరదలు, చప్పట్లు కొడుతూ. "బావ ఎర్ర లైటు చూశాడు!"

టీవీలో అతను చెయ్యెత్తాడు. నోరు తెరిచాడు. "మీరుండబట్టి సరిపోయింది బాబూ" అంది అత్తగారి గొంతు. నోరు మూసుకుంది. చెయ్యి జేబులోకి పోయింది. ఆ తర్వాత, బొమ్మ తెగే ముందు, పెదవుల చివర్లలో నెమ్మదిగా ఒక నవ్వు విరిసింది. తను నవ్వినట్టు కెమెరా బావకు గుర్తే లేదు.

మరదలి చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. భార్య అతని వైపు చూడలేదు, ఒళ్ళో ఉన్న తన చేతులు చూసుకుంటోంది.

"వెనక్కి తిప్పు. అక్కడ ఆపు," అన్నాడు మామగారు. మరదలు ఆపింది. నవ్వు గోడ మీద నిలిచిపోయింది. "అల్లుడుగారూ, అప్పుడు లైటు వెలుగుతోందా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. గుర్తులేదనొచ్చు. ఎటో చూస్తున్నాననొచ్చు. కానీ అడిగింది జీవితమంతా లైట్లు చూసి బతికిన మనిషి.

"వెలుగుతోంది మామయ్యగారూ."

"మీకు కనిపించింది."

"కనిపించింది."

మామగారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. తెర వైపు ఒకసారి చూశాడు.

"అద్దాలు బాగా చేశారు," అన్నాడు. తిట్టినా బాగుండేది.

తోడల్లుడే ముందుకొచ్చాడు. "మామయ్యగారూ, యూనిఫారం ఉంది కదా? ఇంకోసారి దిగండి, మన వీధి మెట్ల మీంచే దిగండి. నేను తీస్తాను. నా తప్పు నన్ను దిద్దుకోనివ్వండి." అత్తగారు అప్పటికే బీరువా తెరిచింది. కాసేపటికి మామగారు టోపీతో, చుట్టిన జెండాతో గుమ్మంలో నిలబడ్డాడు. మెట్ల కింద తోడల్లుడు కెమెరా పట్టుకుని బటన్ మీద వేలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

"అన్నయ్యగారూ, మీరు ఎదురుగా నిలబడి చెప్పండి. నన్ను నేను నమ్మలేను. వెలుగుతోందా?"

కెమెరా బావ ఆ ముఖంలో ఎత్తిపొడుపు కోసం వెతికాడు. దొరికితే ఎంత నిశ్చింతగా ఉండేదో! లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"పెద్దల్లుడు చెప్పందే నేను దిగను," అన్నాడు మెట్ల మీంచి మామగారు. అందరూ అతని వైపు తిరిగారు. కేకు మీద కత్తి ఆగినట్టు, ఇల్లంతా అతని మాట కోసం ఆగింది. అతను ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. అది ఇలా వస్తుందని ఎవరనుకున్నారు?

"వెలుగుతోంది," అన్నాడు.

మామగారు టోపీ తీసి, గుమ్మాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టి దిగాడు. తోడల్లుడు చాలా బాగా తీశాడు. అంత బాగా తీయడం చూసి కెమెరా బావ కడుపు మళ్ళీ మండింది. కుళ్ళు ఒక్క దెబ్బకి పోయేదైతే లోకంలో అల్లుళ్ళందరూ అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు.

కొత్త వీడియో ఎడిటింగు కూడా అతనికే ఇచ్చారు. బూట్లు తీసేశాడు. బంగారు అక్షరాలు తీసేశాడు. బెంచీ ముక్క తీసేస్తానంటే మాత్రం అత్తగారు ససేమిరా ఒప్పుకోలేదు. "అదొక్కటీ తీయకండి బాబూ. మీరు కనిపించేది అందులోనే," అంది.

ఇప్పుడు ఆ ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళు ఇచ్చాక ఆవిడ టీవీ పెడుతుంది. స్తంభం దగ్గరకు రాగానే రిమోట్ నొక్కి బొమ్మ ఆపుతుంది. కెమెరా బావ అక్కడే ఉంటే నీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్తాడు, కానీ గొంతు అక్కడికీ వినిపిస్తుంది. ఆవిడ తెలిసి అంటుందో తెలియక అంటుందో అడిగే ధైర్యం అతనికి లేదు.

"మా పెద్దల్లుడుగారు. పాపం, ఎప్పుడూ కెమెరా వెనకాలే ఉంటారు, ఇదొక్కదాంట్లోనే పడ్డారు. దగ్గరికొచ్చి చూడండి, ఎంత బాగా నవ్వుతున్నారో!"